రెండు చెంబుల మజ్జిగ, ఆరు కోసుల దారి

ఒక రాజు ఎడమకు వాలి కూర్చునేవాడు.

అది పుట్టుకతో వచ్చిన వంకర కాదు. సింహాసనానికి ఎడమపక్కన మంత్రి నిలబడేవాడు. మంత్రికి ఏ మాటైనా చెవిలో చెప్పడం అలవాటు. వాన వచ్చేలా ఉందన్న మాట కూడా ఆయన చుట్టూ ఒకసారి చూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని, రాజు చెవిలోనే వేసేవాడు. వినడానికి రాజు ఎడమకు వంగేవాడు. మొదట్లో వంగి, విని, మళ్ళీ సర్దుకుని కూర్చునేవాడు. రోజుకు నూరుసార్లు సర్దుకోవడం దండగనిపించి, కొన్నాళ్ళకు వంగే ఉండిపోయాడు. అలా ఎనిమిదేళ్ళు గడిచాయి.

రాజు వాలి కూర్చుంటే ఎదురుగా నిటారుగా నిలబడటం మర్యాద కాదు. అందుకని సభికులందరూ ఎడమకు వాలారు. ఎదురుగా నిలబడ్డవాళ్ళకు అది కుడి కావచ్చు, అయినా ఆ సభలో రాజుగారి ఎడమే అందరికీ ఎడమ. దర్జీ ఎడమ భుజం కిందికి దించి అంగీలు కుట్టాడు. చిత్రకారుడు పటాలను వాల్చి తగిలించాడు. ఒక తాపీమేస్త్రీ మాత్రం కొత్త గోడ కడుతూ, దారానికి గుండు కట్టి చూసుకుని, గోడను నిటారుగా లేపాడు. సభంతా తరలివచ్చి చూసి, గోడ కుడికి ఒరిగిందని తేల్చింది. గోడ పడగొట్టించి, మేస్త్రీకి ఆస్థానం తరఫున కొత్త గుండు ఇప్పించారు. దానికి దారం బదులు కాస్త వంచిన ఇనుపచువ్వ ఉంది. మేస్త్రీ బతకనేర్చినవాడు కనుక దాన్ని కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. పాత గుండును అటక మీద దాచుకున్నాడు.

గుర్రమెక్కాల్సిన ఏడాది రాకపోయి ఉంటే అంతా ఇలాగే హాయిగా సాగిపోయేది.

ఆ రాజ్యానికి మూడు దిక్కులా కొండలు. తూర్పున మాత్రం మైదానం, దాని అవతల పొరుగు రాజ్యం. పొలిమేర కోసం పూర్వం రెండు రాజ్యాలవాళ్ళూ కొట్టుకుని కొట్టుకుని, విసుగెత్తి, ఒక ఆచారం పెట్టుకున్నారు. పన్నెండేళ్ళకోసారి ఈ రాజు తన కోట తూర్పువాకిట గుర్రమెక్కి, పొద్దు నడినెత్తికి రాగానే బయల్దేరాలి. పొలిమేర రాయి ఆరు కోసుల దూరంలో ఉంది. పొద్దు గూకేలోగా గుర్రం ఆ రాయిని చేరితే రాయి అక్కడే ఉంటుంది. చేరకపోతే గుర్రం ఎక్కడ ఆగిందో అక్కడికి రాయిని జరుపుతారు. జరిగిన మేర నేల, అందులోని ఊళ్ళు, మనుషులు పొరుగు రాజువి. రాజుగారి కళ్ళేన్ని ఎవరూ పట్టకూడదు, ఆయనకు ముందు ఎవరూ నడవకూడదు, ఆయన మధ్యలో దిగకూడదు. సాక్షిగా మంత్రి ఒక్కడు కంచరగాడిద మీద పక్కన వెళ్ళవచ్చు.

ఆరు కోసులు గుర్రానికి ఒక లెక్కలోది కాదు. ఈ రాజు తండ్రి మూడు విడతలు వెళ్ళాడు. ప్రతిసారీ రాయి పక్కన ఒక కునుకు కూడా తీశాడు. ఈ రాజు కూడా కుర్రతనంలో మంచి రౌతే. పద్దెనిమిదో ఏట కంచెలు దూకించాడు. తర్వాత పల్లకీ రుచి మరిగాడు. పల్లకీలో పడుకోవచ్చు. గుర్రం మీద ఆ వసతి లేదు.

ఇంకా నలభై రోజులుందనగా రాజుకు ఎందుకో కాస్త భయం వేసి, ఒకసారి సాధన చేస్తే మంచిదేమో అన్నాడు. ఈత, స్వారీ మరిచిపోయే విద్యలు కావని మంత్రి చెవిలో చెప్పాడు. అయినా రాజు గుర్రాలశాలకు వెళ్ళాడు. సభంతా వెంట వెళ్ళింది.

ముగ్గురు పట్టుకుంటే రాజు గుర్రమెక్కాడు. ఎదురుగా నీళ్ళ తొట్టి ఉంది, అక్కడిదాకా నడిపిద్దామని మడమలతో తాకించాడు. గుర్రం రెండడుగులు వేసి ఎడమకు తిరిగింది. ఇంకో నాలుగడుగులు వేసి ఇంకా ఎడమకు తిరిగింది. చివరికి బయల్దేరిన చోటికే వచ్చి నిలబడింది. ప్రభువు గుర్రం చేత ప్రదక్షిణ చేయించారని ఒక సభికుడు చప్పట్లు కొట్టాడు. ప్రదక్షిణ అలా ఎడమకు తిరిగి చెయ్యరని పురోహితుడు గొణిగాడు, ఎవరూ వినిపించుకోలేదు. గుర్రానిదే దోషమని మంత్రి తేల్చాడు. ఇంకో గుర్రాన్ని తెచ్చారు. అదీ ఎడమకే తిరిగింది. ఏడు గుర్రాలు మార్చారు. ఏడూ కూడబలుక్కున్నట్టు ఎడమకే తిరిగాయి.

గడ్డివామి దగ్గర ఒక ముసలమ్మ నవ్వుతోంది. ఆమె శాలలో గుర్రాల బాగోగులు చూసే పెద్ద సాహిణి భార్య. ఆయన పోయాక గుర్రాలకు నడక నేర్పే పని తనే చూస్తోంది. నిజానికి ఆయన ఉన్నప్పుడూ ఆ పని చూసింది ఆమే, పేరు మాత్రం ఆయనది. రాజును చిన్నప్పుడు మొదటిసారి జీను మీద కూర్చోబెట్టిందీ ఆమే.

రాజు అందరినీ పంపేసి, ఎందుకు నవ్వుతున్నావని అడిగాడు.

"నవ్వక ఏం చేసేది సామీ. జీను ఈడుండాది, నువ్వు ఆడ కూసున్నావు" అంది ముసలమ్మ. "గుర్రానిది తప్పు కాదు. నీ బరువు యాడికి పోతే అది ఆడికి పోతాది. రౌతు కొద్దీ గుర్రం అని ఊరికే అన్నారా."

తాను నిటారుగానే కూర్చున్నానని రాజు అన్నాడు. నలభైమంది సభికులు సాక్ష్యం చెబుతారని కూడా అన్నాడు. ముసలమ్మ సభికుల జోలికి పోలేదు. లోపలికి వెళ్ళి రెండు చెంబుల నిండా మజ్జిగ తెచ్చి, చేతికొకటి ఇచ్చింది. కళ్ళెం తీసి, గుర్రానికి పొడుగాటి తాడు కట్టి, తను నడుమ నిలబడి చుట్టూ నడిపించింది. రెండు చుట్లు తిరిగేసరికి కుడి తొడ పొడిగా ఉంది. ఎడమ తొడ మీద మజ్జిగ కారి చెప్పులోకి దిగింది.

రాజు తన తొడ వంక చాలాసేపు చూశాడు. ఎనిమిదేళ్ళలో ఆయన మాట కాదన్నది ఆ మజ్జిగ ఒక్కటే.

ఆ రోజు నుంచి పాఠాలు మొదలయ్యాయి. ముసలమ్మ జీనుకు వేలాడే కాలిరికాబులు ఊడదీసి గోడకు తగిలించింది. వాటి మీద నిలబడితే కూర్చోవడం రాదంది. మోకాళ్ళతో గుర్రాన్ని పిసకవద్దంది. ఊపిరి బిగబట్టవద్దంది. గుర్రం మెడ వంక చూడవద్దు, దారి వంక చూడమంది. రాజు చెప్పిందల్లా చేశాడు. ఒక్కటి మాత్రం చేతకాలేదు. ఆమె భుజం పట్టి సరిగ్గా కూర్చోబెట్టినప్పుడల్లా ఆయన జూలు పట్టుకుని, కుడికి పడిపోతున్నానని కేక పెట్టేవాడు.

"పడవులే సామీ" అనేది ముసలమ్మ. "నిటారుగా కూసునే అలవాటు తప్పితే, నిటారుగా కూసున్నా పడినట్టే ఉంటాది."

నాలుగో రోజుకు రాజు తొడలు పుళ్ళు పడి, కాళ్ళు ఎడంగా పెట్టి నడిచాడు. ఐదో రోజుకు సభికులందరూ కాళ్ళు ఎడంగా పెట్టి నడిచారు. ఆ నడకలో హుందాతనం ఉందని ఆస్థానకవి ఒక పద్యం కూడా చెప్పాడు.

ఇరవయ్యో రోజున రాజు చెంబులు కిందపెట్టి, ఇక చాలు, వల్ల కావడం లేదన్నాడు. రాయి రెండు కోసులు వెనక్కి జరిగితే ఏమవుతుంది, ఉన్న నేల చాలదా అన్నాడు. ముసలమ్మ గుర్రం మెడ నిమురుతూ నిలబడింది.

"రాయికి ఈవల ఊరే మాది సామీ" అంది చివరికి. "నా కూతురు ఆడుండాది. మొన్న ఆడపిల్లను కనింది. నేనింకా చూడలే. ఆ రాజు తన మనిషిని ఈవలికి రానీడు, మన మనిషిని ఆవలికి పోనీడు. రాయి జరిగితే నా బిడ్డ మొగం నేను మళ్ళా చూసేది లేదు."

రాజుకు సిగ్గు వేసింది. ఆయనకు ఇంతవరకూ రాజ్యమంటే పటం మీది గీత. ఆ గీత మీద ఒక బాలింత కూర్చుని ఉందని ఎవరూ చెవిలో చెప్పలేదు. ఆయన మళ్ళీ చెంబులు చేతిలోకి తీసుకున్నాడు.

ముప్పయ్యో రోజుకు రెండు తొడలూ సమంగా తడిశాయి. ముప్పయ్యైదో రోజుకు ఏ తొడా తడవలేదు. రాజు మిగిలిన మజ్జిగ గుర్రం మీదే కూర్చుని తాగేశాడు. చిన్నప్పటి సంతోషం ఏదో నడుములోంచి పైకి పాకినట్టయి, తానొక్కడే నవ్వుకున్నాడు.

ఆ హుషారుతో సభకు వెళ్ళి సింహాసనం మీద నిటారుగా కూర్చున్నాడు. ప్రభువు కుడికి ఒరిగిపోయారని వైద్యుడు తైలం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మంత్రి నిజంగానే కంటతడి పెట్టుకుని, కుడిపక్కన రెండు బాలీసులు కుక్కి, రాజును ఎడమకు నెట్టబోయాడు. నలభైమంది ఒకే మాట చెబుతుంటే రాజుకే అనుమానం వచ్చింది. ఒక ముసలమ్మ, రెండు చెంబులు ఒకవైపు, రాజ్యంలోని పెద్దలందరూ ఒకవైపు. ఎవరిని నమ్మాలో తెలియక తాపీమేస్త్రీని పిలిపించి, గుండు పట్టి చూడమన్నాడు.

మేస్త్రీ చేతులు నలుపుకున్నాడు. "ఏ గుండు తెమ్మంటారు ప్రభూ? ఆస్థానం గుండా, నిజం గుండా?"

అడిగాక గానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. సభికులు దగ్గారు. రాజు మాత్రం బాలీసులు తీసి కింద పడేసి, ఏ గుండూ అక్కర్లేదని మేస్త్రీని ఇంటికి పంపాడు. ఆయనకు జవాబు దొరికింది.

అనుకున్న రోజు వచ్చింది. పొద్దు నడినెత్తిన ఉండగా తూర్పువాకిలి తెరిచారు. దారికి రెండువైపులా జనం. పొరుగు రాజు దూతలిద్దరు రాయి జరపడానికి గునపాలు, మోకులు బండిలో వేసుకుని వెనకే వచ్చారు. ఈ రాజు గుర్రాలశాలలో గుండ్రంగా తిరిగిన సంగతి వాళ్ళ చెవినా పడింది, కోట గోడకు ఆనించే రాయి పాతుకోవచ్చని ఆశపడ్డారు. ముసలమ్మ వాకిట్లో గుర్రం మూతి తుడిచి పక్కకు తప్పుకుంది.

గుర్రం నేరుగా సాగింది. ఒక కోసు, రెండు కోసులు. పొద్దు వెనక్కి వాలుతున్న కొద్దీ రాజు నీడ ఆయనకు ముందు పరుచుకుంది. నీడ నిటారుగా ఉంది. రాజు దాని వంక చూసి మురిసిపోయాడు.

మూడో కోసు దగ్గర మంత్రి కంచరగాడిదను ఎడమపక్కకు తెచ్చాడు. చుట్టూ ఒకసారి చూశాడు. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ప్రభూ, ఒక్క మాట" అన్నాడు.

ఎనిమిదేళ్ళ అలవాటు ఒక్క నలభై రోజుల్లో పోదు. రాజు వంగాడు. గుర్రం దారి వదిలి ఎడమకు తిరిగి నువ్వుల చేలోకి దిగింది. మంత్రి చెబుతూనే ఉన్నాడు, రాజు వింటూనే ఉన్నాడు, గుర్రం తిరుగుతూనే ఉంది. ఆ మాట అయ్యాక ఇంకో మాట, దాని మీద మరో మాట. చేను నడుమ పెద్ద నూర్పిడి కళ్ళమంత సున్నా పడింది. రైతు గట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. దూతలు బండి ఆపి గునపాలు దించుకున్నారు.

మంత్రి ఒక్క ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు రాజు తల తిప్పి చూశాడు. ఆయన నీడ నువ్వుల మొక్కల మీద ఎడమకు విరిగిన కొమ్మలా పడి ఉంది. పొద్దు నాలుగు బారలు దిగిపోయింది. నీడకు సభామర్యాదలు తెలియవు, ఎలా ఉన్నది అలాగే చూపించింది. ఈ సున్నాకు అవతల మూడు కోసుల్లో ఒక పసిపిల్ల ఉంది, దాన్ని చూడని అమ్మమ్మ కోటవాకిట్లో ఉంది.

ఆయన ఊపిరి వదిలాడు. తొడ మీద మజ్జిగ పడుతున్నట్టు ఊహించుకున్నాడు. కుడికి పడిపోతున్నట్టు భయం వేసింది. ఆ భయం వేసిన చోటే ఆగి కూర్చున్నాడు. దారి వంక చూశాడు. గుర్రం చేలోంచి గట్టెక్కి దారిన పడింది.

నాలుగో కోసు దాటాక మంత్రి మళ్ళీ పక్కకు వచ్చాడు. మళ్ళీ చుట్టూ చూశాడు. "ప్రభూ, చాలా ముఖ్యం."

"గట్టిగా చెప్పు" అన్నాడు రాజు, దారి మీంచి చూపు తిప్పకుండా. "వింటాను."

మంత్రి నోరు తెరిచాడు. దారికి రెండువైపులా ఉన్న జనాన్ని చూశాడు. తట్ట దించి నిలబడ్డ కూలీలను, వెనక వస్తున్న దూతలను చూశాడు. నోరు మూసుకున్నాడు.

"ఇది గట్టిగా చెప్పే మాట కాదు ప్రభూ."

"అయితే చెప్పకు."

కంచరగాడిద నెమ్మదిగా వెనకబడింది. రాజు ముందుకు సాగుతూ, ఎనిమిదేళ్ళుగా తాను విన్న మాటలను గుర్తు తెచ్చుకున్నాడు. వాటిలో గట్టిగా చెప్పదగ్గ మాట ఏదైనా ఉందా అని వెతికాడు. వాన వచ్చేలా ఉందన్న మాట ఒక్కటి దొరికింది. ఆయనకు కోపం రాలేదు. దుఃఖం వచ్చింది. అన్ని మాటల కోసం వంగింది తన నడుమే కదా అనుకున్నాడు.

పొద్దు కొండ అంచున ఎర్రటి గోరంత మిగిలి ఉండగా గుర్రం రాయి దగ్గరికి వచ్చింది. రాజు పగ్గాలు గుంజలేదు. బరువుగా కూర్చుని, ఊపిరి వదిలాడు. గుర్రం ఆగి, మూతిని రాయికి రుద్దుకుంది. దూతలు మోకులు మళ్ళీ చుట్టుకున్నారు. రాయికి ఈవల చంకలో పసిపిల్లతో ఒకామె నిలబడి ఉంది. పిల్ల రాజును చూసి గుక్కపట్టి ఏడ్చింది. తన రాజ్యంలో తనను చూసి మొహమాటం లేకుండా ఏడ్చిన మనిషిని రాజు అప్పుడే చూశాడు.

మర్నాడు కోటకు తిరిగి రాగానే ఆయన నేరుగా శాలకు వెళ్ళి, నీ మనవరాలికి నీ ముక్కే వచ్చిందని ముసలమ్మకు చెప్పాడు. ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చి, ముక్కు వస్తే వచ్చింది గానీ నోరు రాకుండా ఉంటే చాలంది. ఆ మధ్యాహ్నమే ఎడ్లబండి కట్టించుకుని ఊరికి బయల్దేరింది.

రాజు సభకు వెళ్ళాడు. నిటారుగా కూర్చున్నాడు. ఈసారి ఎవరూ తైలం తేలేదు. రాయి దాకా వెళ్ళి వచ్చిన రాజు ఎలా కూర్చుంటే అదే పద్ధతి. వాళ్ళ కళ్ళకు ఆయన కుడికి వాలి కనిపించాడు కనుక, సభికులందరూ ఎంతో శ్రద్ధగా కుడికి వాలారు. దర్జీ కుడి భుజం దించి అంగీలు కత్తిరించాడు. పటాలు ఇటునుంచి అటు వాలాయి. ఇప్పుడు ప్రతి మాటా గట్టిగా చెప్పాల్సి వచ్చి మంత్రికి గొంతు బొంగురుపోయిందని వైద్యుడు తేనె నాకించాడు.

రాజు తాపీమేస్త్రీని పిలిపించి, అటక మీది గుండును సభ నడుమ, దూలానికి వేలాడదీయించాడు. గుండు కాసేపు అటూ ఇటూ ఊగి, నిలిచింది. సభికులు దాన్ని జాలిగా చూశారు.

సేనాపతి లేచాడు. చుట్టూ ఒకసారి చూశాడు. సింహాసనానికి కుడిపక్కకు వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని, "ప్రభూ, గుండు ఎడమకు వాలింది" అని చెవిలో చెప్పాడు.

చెప్పడం అయిపోయాక రాజు చూసుకున్నాడు. తన మెడ కుడికి వంగి ఉంది. వేలెడంత, అంతకన్నా ఎక్కువ కాదు. ఎప్పుడు వంగిందో ఆయనకు తెలియదు.

ఆయన లేచి నిలబడ్డాడు.

"గుర్రానికి జీను వెయ్యండి" అన్నాడు, సభంతా వినేలా. "రెండు చెంబుల మజ్జిగ తెండి."